తమ్ముడి పేరు మీద సమను

మొరులానెంగ్ కోర్టులో పిల్లల భరణం వసూలుకు ఉన్నది ఒకటే కిటికీ. తండ్రులు డబ్బు కట్టేది అక్కడే, తల్లులు తీసుకునేది అక్కడే. ఆ కిటికీ వెనక ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి సెయిపోనె. నేను అదే కోర్టులో దుబాసీని. సాక్షులు మా సెత్స్వానా భాషలో చెప్పింది మేజిస్ట్రేటుకు ఇంగ్లీషులో చెబుతాను. నా గదికీ ఆమె గదికీ మధ్య చెక్క గోడే అడ్డం కాబట్టి, కిటికీ దగ్గర ఎవరేమన్నా నాకు వినబడుతుంది.

సెయిపోనె పొడుగ్గా, బక్కగా ఉంటుంది. మాట తక్కువ. ముక్కు మీద కోపం. టీ వేళకు నా గదిలోకి వచ్చి కప్పు బల్ల మీద ఠక్కున పెట్టిందంటే, ఎవరినో ఉత్త చేతులతో పంపేసి వచ్చిందని నాకు అర్థమయ్యేది.

ఆమె ఆ ఉద్యోగంలోకి రావడానికి కారణం వాళ్ళమ్మ. సెయిపోనె చిన్నపిల్లగా ఉన్నప్పుడే తండ్రి దక్షిణాన బంగారు గనుల్లోకి పోయాడు. మొదట్లో డబ్బు పంపేవాడు. తర్వాత కబురు కూడా రాలేదు. అప్పటికి తమ్ముడు మొదిరి తల్లి కడుపులో ఉన్నాడు. ఆమె నిండు నెలలతో, కూతుర్ని వెంటేసుకుని ఆనాటి కోర్టు చుట్టూ తిరిగింది. మొగుడి అడ్రసు తెస్తేనే కాగితం పంపుతామన్నారు. అడ్రసే తెలిస్తే కోర్టు దాకా ఎందుకొస్తానని అడిగితే గుమస్తా నవ్వాడట. ఆ నవ్వు సెయిపోనెకు బాగా గుర్తు. తర్వాత వాళ్ళమ్మ ఆ దారి మానేసి, బస్టాండులో జొన్న సారా, తినడానికి ఎండబెట్టిన ఫానె పురుగులు అమ్మి ఇద్దర్నీ పెంచింది. చదువయ్యాక సెయిపోనె ఇంకేదీ కోరుకోలేదు. భరణం విభాగంలో ఖాళీ పడేదాకా ఆగి మరీ చేరింది.

చేరాక తెలిసింది, కిటికీకి ఇవతల కూర్చున్నా పెద్దగా చేయగలిగిందేమీ లేదని. తండ్రి కడితే తల్లికిస్తుంది. కట్టకపోతే వచ్చే వారం రమ్మంటుంది.

ఒక ఏడాది వానలు మొదలయ్యే ముందు రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి జిల్లా తన భరణం వసూలు ఎలా నడుస్తోందో పరీక్షించుకుని, ఏం మారిస్తే బాగుపడుతుందో రాసి పంపాలి. రెండు నెలల తర్వాత మంత్రిత్వశాఖ వాళ్ళు స్వయంగా వచ్చి చూస్తారు. మా రిజిస్ట్రారు మొయెతి గారు ఆ పనిని సెయిపోనెకు అప్పగించాడు. మిగతా వాళ్ళు ఏదో ఒక సాకు చెప్పి తప్పుకున్నారు మరి. ఆయన దృష్టిలో అది ఒక పూట పని. ఈ ఏడాది ఎన్ని భరణం ఆర్డర్లు ఇచ్చామో లెక్కేసి రాస్తే చాలన్నాడు. ఆర్డర్లు బాగా పెరిగాయి కాబట్టి మా జిల్లాకు మంచి పేరొస్తుందని ఆయన ఆశ.

సెయిపోనె అలా చేయలేదు. శనివారాలు వ్యాన్లు పట్టుకుని ఊళ్ళు తిరిగింది. ఆర్డరు చేతిలో ఉన్న తల్లుల్ని వెతుక్కుంటూ వెళ్ళి ఒకటే అడిగింది: చివరిసారి నీ చేతికి డబ్బు ఎప్పుడొచ్చింది? కొందరు గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు ఆలోచించారు. ఒకావిడ, వ్యాను కిరాయి పెట్టుకుని కోర్టుకొచ్చి లేదనిపించుకుని పోయే ఖర్చుతో పిల్లాడికి బూట్లు వచ్చేవని చెప్పింది. ఇంకొకావిడ డబ్బు కోర్టుకొచ్చి నెలలయింది. ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. ఆ మాట విన్న రోజు సెయిపోనె నా గదిలోకి వచ్చి కూర్చుని, ఆ డబ్బు తన సొరుగులోనే ఉండిపోయిందని చెప్పింది. తెలియజేసే పని బంట్రోతుదట, బంట్రోతేమో సైకిలు లేదన్నాడట.

తండ్రుల దగ్గరికీ వెళ్ళింది. అందరూ ఎగ్గొట్టేవాళ్ళే అనుకుని వెళ్ళింది కానీ, బొగ్గు గనిలో పనిచేసే ఒఫెంత్సె అనే అతను ఆమెకు వేరే మాట చెప్పాడు.

"కడదామని వస్తే మీ కిటికీ మూడింటికల్లా మూసేసుంటది. డ్యూటీ దిగేసరికే నాలుగు. సెలవు పెట్టి రమ్మంటారు. సెలవు పెడితే జీతం కోస్తారు. కోసింతర్వాత ఇంక దేంతో కట్టేది అక్కా?"

"మరి కట్టని డబ్బు ఏం చేశావు?"

"తాగేశా," అన్నాడు అతను, దాచకుండా. "జేబులో ఉంటే ఉంటదా?"

ఇదంతా ఆమె రాసుకుంటూ వచ్చింది. చివరికి తండ్రుల దగ్గరికి పోకుండా తిరిగొచ్చిన సమన్ల కట్ట విప్పింది. సమన్లు అందించే మా కోర్టు అమీనా సెలెకె ముసలాయన. ఇంటికి వెళ్ళి, మనిషి లేడంటే, లేడని ఎవరు చెప్పారో సమను వెనక రాసి తెచ్చేస్తాడు. లేడని చెప్పినవాళ్ళు చాలావరకు తల్లులు, అక్కచెల్లెళ్ళు. ఆ కట్టలో మొదిరి పేరు మీద సమను కూడా ఉంది. బొయికాన్యొ అనే అమ్మాయి, తనకీ మొదిరికీ పుట్టిన కూతురు వరోనా కోసం వేసిన కేసు అది. ఈ ఇంట్లో ఉండటం మానేశాడనీ, ఎక్కడున్నాడో తెలియదనీ తల్లి చెప్పినట్టు వెనక రాసుంది.

మొదిరి ఆ ఇంటి వెనక గదిలోనే ఉంటున్నాడు. కాంట్రాక్టరు దగ్గర నీళ్ళ ట్యాంకరు తోలతాడు. ఆదివారం ఆదివారం సెయిపోనె వాళ్ళింటికి వెళ్ళి తల్లీ తమ్ముడితో కలిసి భోంచేసేది. వరోనా సంగతి ఆమెకు తెలుసు. నెల నెలా ఇస్తున్నానని తమ్ముడు చెబితే నమ్మింది. కేసు పడిందని ఇంట్లో ఎవరూ ఆమెతో అనలేదు. ఆ ఫైలు పక్క గుమస్తా దగ్గర ఉండటంతో ఆమె కంటా పడలేదు.

ఆ ఆదివారం జొన్న సంకటి, ఆకుకూర ముందు పెట్టుకుని ఆమె తినలేదని తర్వాత నాకు చెప్పింది. మొదిరి ఊళ్ళో లేడు. తల్లి గిన్నెలు సర్దుతోంది.

"అమీనా వచ్చినప్పుడు లేడని చెప్పావంట."

"చెప్పా. ఏం?"

"ఉన్నాడుగా, ఇంట్లోనే."

"ఉంటే? వాడి జీతమెంత, ట్యాంకరు తోలితే ఏమొస్తది? ఇంటి కప్పు వాడే వేయిస్తన్నాడు. నువ్వు వేయించావా?"

"అమ్మా, వరోనా నీ మనవరాలు."

"కాదన్లేదే. పంపమను, పెంచుతా. నిన్ను పెంచలా? వాణ్ణి పెంచలా?" అని తల్లి గిన్నె కింద పెట్టింది. "నేను కడుపుతో ఉండి మీ కోర్టు మెట్ల మీద కూర్చుంటే, మీ నాన్నని వెతకలేకపొయ్యారు. ఇన్నేళ్ళకి మీ కోర్టుకి కళ్ళొచ్చినయ్యా? వచ్చి నా కొడుకే కనపడ్డాడా?"

తల్లి అన్నదాంట్లో అబద్ధం లేదు. అయినా ఆ మాట పట్టుకుని బొయికాన్యొ బిడ్డకు అన్నం పెట్టలేం. సెయిపోనె సంకటి అలాగే వదిలేసి వచ్చేసింది.

మర్నాడు మొయెతి గారికి సంగతి చెప్పి, ఆ కేసులో తాను వేలు పెట్టనని రాసిచ్చింది. రిపోర్టులో మాత్రం అంతా పెట్టింది. సమన్లు ఇళ్ళకు పంపినన్నాళ్ళూ ఇంటివాళ్ళు దాస్తూనే ఉంటారు, తన ఇంట్లోనే అలా జరిగింది, కాబట్టి పనిచేసే చోటికి పంపాలి అని రాసింది. జీతం ఇచ్చే యజమాని దగ్గరే భరణం కోయించాలి, తల్లుల ఫోన్లకే డబ్బు పంపాలి, శనివారం కూడా కిటికీ తెరవాలి అని అడిగింది. ఆర్డర్ల సంఖ్య చూసి మురిసిపోవడం మానేసి, తల్లి చేతికి ఎంత చేరిందో చూడాలని కూడా.

మొయెతి గారు చదివి ఆమెను పిలిచాడు. గోడ అవతల నుంచి నేను వింటూనే ఉన్నాను.

"సొంతింటి పరువు ఎవరైనా కాగితం మీద పెడతారా తల్లీ? ఆ ముక్క తీసెయ్. నీ మంచికే చెబుతున్నా."

"నా పరువు సంగతి నేను చూసుకుంటాను సార్. అది తీస్తే మిగతాది ఎవరూ నమ్మరు."

"సర్లే, చూద్దాం," అన్నాడాయన.

మంత్రిత్వశాఖ వాళ్ళు వచ్చిన రోజు కోర్టు ఆవరణలో టెంటు వేశారు. వచ్చినవాళ్ళకు పెద్ద లెత్షొలొ అనే నడివయసు ఆవిడ. ఊళ్ళ నుంచి తల్లులు వచ్చి, నూనెలో వేయించిన పిండి ఉండలు, మగ్విన్యాలు, కొనుక్కుని తింటూ టెంటు కింద కూర్చున్నారు. మొయెతి గారు ఆర్డర్లు ఎలా పెరిగాయో చెప్పాడు. రేడియోలో తండ్రులకు హితబోధ, గోడల మీద పోస్టర్లు, ఇవీ తమ సూచనలన్నాడు. నేను సెయిపోనె ముఖం చూశాను. ఆమె రాసినదాంట్లో పోస్టర్ల ఊసే లేదు.

తల్లుల్ని మాట్లాడమన్నారు. ముగ్గురు నలుగురు మాట్లాడాక, రొట్టెల బట్టీలో పనిచేసే బొయికాన్యొ లేచింది. చేతులకు ఇంకా పిండి ఉంది.

"నా బిడ్డ తండ్రి దొరకట్లేదని కోర్టు రాసిచ్చింది. దొరక్కపోవటం ఏందమ్మా, ఈ ఊళ్ళోనే నీళ్ళ ట్యాంకరు తోలతాడు. మొన్న మా వీధికే తెచ్చాడు. నేనే వెళ్ళి అతని ట్యాంకరు కింద బకెట్టు పెట్టి పట్టుకున్నా. అతనికి నేను కనపళ్ళా, కోర్టుకి అతను కనపళ్ళా. ఎందుకు కనపడడో కిటికీలో కూర్చునే అక్కనడగండి. ఆవిడ తమ్ముడే."

సెయిపోనె లేచి నిలబడింది. అంతమందిలో ఆమె అంత నెమ్మదిగా మాట్లాడుతుందని నేననుకోలేదు.

"ఆ అమ్మాయి చెప్పింది నిజమే. అతను నా తమ్ముడు. సమను వచ్చిన రోజు ఇంట్లోనే ఉన్నాడు, మా అమ్మ లేడని చెప్పింది. ఇది నేను రిపోర్టులో రాశాను. మీ చేతిలో ఉన్నదాంట్లో లేకపోతే, ఎందుకు లేదో సార్‌ని అడగండి."

మొయెతి గారు మరీ పొడుగైందని కుదించామన్నాడు. లెత్షొలొ గారు ఆయన్నీ ఏమీ అనలేదు, సెయిపోనెనూ మెచ్చుకోలేదు. అందరి మాటలూ గుర్తుపెట్టుకుంటామని చెప్పి టీకి లేచింది. సెయిపోనె తన దగ్గరున్న అసలు ప్రతిని తీసుకెళ్ళి, కేకు తింటున్న ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ చెయ్యి తుడుచుకుని తీసుకుంది. అంతే. ఆ సాయంత్రం సెయిపోనె నాతో, బొయికాన్యొ కళ్ళకు తానూ, కొడుకును దాచిన తన తల్లి లాంటిదే అయిపోయిందని అంది. నేను ఓదార్చబోతే వద్దంది.

చాలాకాలం ఏ కబురూ రాలేదు. శీతాకాలంలో వచ్చింది. మా జిల్లాలో ఒక ఏడాదిపాటు ప్రయోగంగా సమన్లు పనిచేసే చోటికే పంపవచ్చు, యజమాని దగ్గరే భరణం కోయించవచ్చు, ఫోన్లకు డబ్బు పంపవచ్చు. శనివారం కిటికీ మాత్రం కుదరదు, అదనపు జీతాలకు డబ్బు లేదు. ఉన్న రోజుల్లోనే సాయంత్రం దాకా తెరుస్తాం, పొద్దున ఆలస్యంగా వస్తాం అని సెయిపోనె అడిగితే, దానికి మళ్ళీ వేరే అనుమతి కావాలన్నారు.

జీతాల్లో కోయడం మొదలైన నెలలో కిటికీ ముందు వరుస మారిపోయింది. తల్లులు తగ్గారు, మగవాళ్ళు జీతం చీటీలు పట్టుకుని తగాదాకి వచ్చారు. వాళ్ళలో మొదిరి ఒకడు. వరుస తప్పించుకుని నేరుగా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఏందిది? నా జీతంలోంచి కోసేశారు."

"వెనక్కెళ్ళి వరుసలో నిలబడు."

"నేనియ్యనన్నానా? చేతిలో ఉన్నప్పుడు ఇస్తానేగా అంటున్నా."

"నీ కేసు నేను చూడటం లేదు. పక్క గదిలో చూస్తారు. ఒకటి మాత్రం అడుగుతా. ఏడాదిన్నరలో నీ చేతిలో ఒక్కసారి కూడా లేదా?"

వాడు చుట్టూ చూశాడు. వెనక ఎవడో నవ్వాడు. "నువ్వు అక్కవి కాదే, అమీనావి," అనేసి వెళ్ళిపోయాడు.

నాలుగు నెలలు బొయికాన్యొ ఫోనుకు డబ్బు వెళ్ళింది. ఐదో నెల ఆగింది. మొదిరి ట్యాంకరు పని మానేసి, ఊరికి చాలా దూరంలో వాళ్ళ పశువులుండే దొడ్డి దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడ జీతం లేదు, కోసేది లేదు. సగం కప్పుతో ఆగిపోయిన ఇంట్లో తల్లి ఒక్కతే మిగిలింది. కొడుకును అడవిపాలు చేశావని కూతురితో మాటలు మానేసింది. ఆదివారం భోజనాలు ఆగిపోయాయి.

అదే రోజుల్లో రాజధాని నుంచి అభినందన వచ్చింది. మొరులానెంగ్ జిల్లాలో వసూలు రెట్టింపయిందట. మొయెతి గారు ఆ కాగితాన్ని అద్దం కట్టించాడు. పని మానేసి పారిపోయిన తండ్రులు ఆ లెక్కలో లేరు. జీతం ఉంటేనే లెక్క. సెయిపోనె మళ్ళీ రాసింది: జీతం లేనివాడికి పశువులుంటాయి, వాటిని జప్తు చేసే అధికారం చట్టంలో ఉన్నదే, వాడటం లేదు. ఈసారి మొయెతి గారు కుదించలేదు. చదవనూ లేదు.

చివరికి బొయికాన్యొయే ఆ దారి పట్టింది. మొదిరి పశువులు జప్తు చేయమని మేజిస్ట్రేటు ముందు అడిగింది. ఆమె మాటలు ఇంగ్లీషులోకి చెప్పింది నేనే. మేజిస్ట్రేటు ఒప్పుకున్నాడు. సెలెకె జీపులో దొడ్డికి బయల్దేరాడు. కబురెలా తెలిసిందో, సెయిపోనె వాళ్ళమ్మ అతనికంటే ముందే అక్కడికి చేరింది. ఆ మందలో తల్లివి, కొడుకువి కలిసే ఉంటాయి. అన్నీ నావే అని ఆమె అంటే అమీనా చేసేదేమీ లేదు, ఉత్త జీపుతో వెనక్కి రావాలి. మొదిరి కంచె మీద కూర్చుని నేల చూపులు చూస్తున్నాడట. ఏవి ఎవరివని సెలెకె అడిగితే, ముసలామె వెంటనే చెప్పలేదట. మందలోకి నడిచి, కర్రతో రెండు ఆవుల్ని ఇవతలికి తోలింది.

"ఇయ్యి వాడివి. మిగతావాటి మీద చెయ్యెయ్యబాక. ఈటి డబ్బు ఆ పిల్ల కడుపులోకి పోవాల. మీ కోర్టు మింగిందో, నేనే వస్తా అడగటానికి."

ఈ మాటలు సెలెకె వచ్చి సెయిపోనెకు చెప్పాడు. మీ అమ్మ మనసు మారిందా అని ఆమెను నేనడిగాను. "దొడ్లో వాణ్ణి రోజూ చూస్తే విసుగొచ్చి ఉంటుంది," అంది. నాకు అంతే కాదనిపించింది.

ఆవులు వేలంలో అమ్ముడయ్యాయి. డబ్బు కోర్టు ఖాతాలో పడింది. పడి అక్కడే ఉండిపోయింది. వేలం డబ్బు బయటికి పోవాలంటే మొయెతి గారి సంతకం కావాలి, ఆయన రాజధానిలో ఏదో శిక్షణలో ఉన్నాడు. ఆయన బదులు సంతకం పెట్టే అధికారం ఎవరికీ రాసివ్వలేదు. కేసు తనది కాకపోయినా సెయిపోనె ఫోన్లు చేసింది. వస్తాడన్నారు. వచ్చాక చూస్తాడన్నారు.

ముసలామె అన్నంత పనీ చేసింది. ఒక సోమవారం దుప్పటి కప్పుకుని వచ్చి, వరుసలో అందరితో పాటు నిలబడింది. ఆమె వంతు వచ్చేదాకా సెయిపోనె తలెత్తలేదు.

"మా మనవరాలి డబ్బు ఏమయింది?" అని అడిగింది తల్లి, కొత్తవాళ్ళను అడిగినట్టు.

సెయిపోనె కిటికీ తలుపు మూసేసి బయటికి వచ్చింది. తల్లి మోచెయ్యి పట్టుకుని నేరుగా మేజిస్ట్రేటు గదిలోకి తీసుకెళ్ళింది. గుమస్తాలకు ఆ గదిలోకి అలా వెళ్ళే అలవాటు లేదు. నేను వెనకే వెళ్ళాను. మేజిస్ట్రేటు మొదట కసురుకున్నాడు. ముసలామె వెళ్ళలేదు, ఆయన బల్ల ముందు నేల మీద కూర్చుంది. "నీ తండ్రిలాంటోడు కూచున్నప్పుడు కూడా వచ్చా ఈ కోర్టుకి," అంది. ఆ మాట ఇంగ్లీషులోకి చెప్పబోతే ఆయన అక్కర్లేదన్నాడు. రాజధానికి ఆయనే ఫోను చేశాడు. రెండు రోజుల్లో బొయికాన్యొకు డబ్బు చేరింది.

బొయికాన్యొ థాంక్సు చెప్పడానికి రాలేదు. ఆమె ఎందుకు చెప్పాలని సెయిపోనె అంది, ఆ డబ్బు ఆమెదేగా. ఇప్పుడు ఒక్కో వారం వరోనా నాయనమ్మ ఇంటికి వస్తోంది. సెయిపోనె కూడా అప్పుడప్పుడు వెళుతోంది గానీ, తల్లీ కూతుళ్ళు మొదిరి ఊసెత్తరు. వాడు ఇంకా దొడ్డి దగ్గరే ఉన్నాడు. రెండావులతో తీరింది పాత బాకీ. కొత్త నెలలవి మళ్ళీ పేరుకుంటున్నాయి.

జీతంలో కోసే పద్ధతిని ఇంకో మూడు జిల్లాలకు పెంచారు. మూడింటికి ముయ్యడం మాత్రం ఎక్కడా మారలేదు. మొన్న ఒఫెంత్సె డ్యూటీ దిగి వచ్చి మూసిన కిటికీ తలుపు మీద కొడుతుంటే, ఇంటికి బయల్దేరిన సెయిపోనె ఆగి, నీ జీతంలోనే కోస్తున్నారుగా, మళ్ళీ ఎందుకొచ్చావని అడిగింది. ఈ నెల రెండుసార్లు కోశారని అతను చీటీ చూపించాడు. ఆమె చీటీ తీసుకుని, సంచీ భుజం మీంచి దింపి, మళ్ళీ తాళం తీసింది.